మంచు గొప్పదా? అడవి గొప్పదా? – కిలిమంజారో కొండ పాఠం



"ఆఫ్రికాలో ఎత్తైన పర్వతం ఏది?" అని బిట్ పేపర్లో వస్తే మనం "కిలిమంజారో" అని రాసేసి అర మార్కు సంపాదించుకుంటాం. ఆ కొండతో మన పని అంతటితో సరి. కానీ ఆ కొండను కింది నుంచి పైదాకా ఒకసారి చూసుకుంటూ పోతే సోషల్, బయాలజీ, ఫిజిక్సు మూడు పాఠాలూ ఒకేచోట కనబడతాయి. పైగా కొండల్లో పుట్టి పెరిగిన మనం ఆలోచించాల్సిన ప్రశ్న కూడా అక్కడ ఒకటుంది. ఆ కొండ నెత్తిన మంచు ఉంది. నడుముకు అడవి ఉంది. కాళ్ళ దగ్గర ఊళ్ళున్నాయి. మరి ఆ ఊళ్ళకు నీళ్ళిచ్చేది మంచా? అడవా? తొందరపడి చెప్పకండి. ముందు కొండెక్కుదాం.

కొండ పుట్టుక

కిలిమంజారో టాంజానియా దేశంలో ఉంది. భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 3 డిగ్రీల దూరం. ఎత్తు 5,895 మీటర్లు. ఇది హిమాలయాల్లాగా వరసగా ఉన్న కొండల్లో ఒకటి కాదు. చుట్టూ మైదానం, మధ్యలో ఒంటరిగా లేచిన కొండ. ఎందుకంటే ఇది నిప్పుకొండ, అంటే అగ్నిపర్వతం. లక్షల ఏళ్ళ క్రితం భూమిలోంచి లావా, బూడిద పైకి వచ్చి, పొరమీద పొర పేరుకొని కొండ అయ్యింది.

నిజానికి ఇది ఒక్క నిప్పుకొండ కాదు, మూడు. షిరా, మావెంజీ, కిబో వాటి పేర్లు. షిరా అన్నిటికంటే పాతది, కూలిపోయి ఇప్పుడు ఒక పీఠభూమిలాగా ఉంది. మావెంజీ 5,149 మీటర్ల గరుకు రాతి శిఖరం. కిబో అన్నిటికంటే ఎత్తైనది, దాని మీదే మంచు ఉంది. కిబో ఇప్పుడు నిద్రపోతున్న నిప్పుకొండ. దాని నోటి దగ్గర కొన్ని బొరియల్లోంచి ఇప్పటికీ వేడి ఆవిరి వస్తుంది.

మన తూర్పు కనుమలు అగ్నిపర్వతాలు కావు. అవి చాలా పాతకాలపు గట్టిరాతి కొండలు. కానీ లావా మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలలున్నాయి కదా, అవి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కను మీద పారిన లావా రాయి పొడిపొడి అయి ఏర్పడినవే. లావా నేలలో మొక్కలకు కావలసిన ఖనిజ లవణాలు బాగా ఉంటాయి. కిలిమంజారో వాలుల్లో పంట బాగా పండటానికి అదొక కారణం.

మన గురుకులాల పిల్లలకు ఈ కొండతో ఒక చుట్టరికం కూడా ఉంది. తెలంగాణలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పూర్ణ అక్కే 2016లో కిలిమంజారో కూడా ఎక్కింది. ఏ దారిన ఎక్కినా ఇప్పుడు మనం చెప్పుకోబోయే పట్టీలు దాటాల్సిందే.

ముందు రెండు లెక్కలు

మొదటిది చలి లెక్క. కొండ అడుగున మోషి అనే పట్టణం ఉంది. అది సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సుమారు 23 డిగ్రీలు. కిబో శిఖరం మీద సగటు సున్నాకు కింద 7 డిగ్రీలు. అంటే తేడా 30 డిగ్రీలు. ఎత్తులో తేడా సుమారు 5,100 మీటర్లు. భాగహారం చేసి చూడండి. ప్రతి 100 మీటర్లకు దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతున్నట్టు తేలుతుంది. విశాఖపట్నంలో చెమటలు పడుతుంటే అరకులో దుప్పటి కప్పుకోవడానికి కారణం ఇదే. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది మరి.

రెండోది వాన లెక్క. చలి లెక్కలాగా ఇది తిన్నగా ఉండదు. మోషిలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. దక్షిణం వాలులో సుమారు 2,200 మీటర్ల ఎత్తు దగ్గర 2,500 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కణ్ణించి మళ్ళీ తగ్గడం మొదలు. శిఖరం మీద 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఎందుకంటే హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తడిగాలి కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి మబ్బవుతుంది, కొండ నడుము దగ్గరే కురిసేస్తుంది. పైకి చేరే గాలిలో ఇక తడి మిగలదు.

చలి ఒక లెక్కన, వాన ఇంకో లెక్కన. ఈ రెండూ కలిసే చోటును బట్టి ఏ మొక్క ఎక్కడ బతకాలో తేలుతుంది.

కింది నుంచి పైకి

మొదటి పట్టీ – గడ్డి మైదానం (సుమారు 1,000 మీటర్ల లోపు). వేడి ఎక్కువ, వాన తక్కువ. గడ్డి, ముళ్ళ తుమ్మజాతి చెట్లు, అక్కడక్కడ బావొబాబ్ చెట్లు. బావొబాబ్ అంటే లావుపాటి కాండంలో నీళ్ళు దాచుకొనే చెట్టు. హైదరాబాదులో గోల్కొండ దగ్గర నయాఖిల్లాలో ఒక పెద్ద బావొబాబ్ ఉంది, అది కూడా ఆఫ్రికా నుంచి వచ్చిన జాతే.

రెండో పట్టీ – ఊళ్ళు, తోటలు (సుమారు 1,000 నుంచి 1,800 మీటర్లు). ఇక్కడ చాగా అనే జనం ఉంటారు. వాళ్ళ ఇంటితోటను "కిహంబా" అంటారు. ఇది మనవాళ్ళు చూస్తే "అరె, మన తోటలాగే ఉందే" అనుకుంటారు. అన్నిటికీ పైన నీడనిచ్చే పెద్దచెట్లు. వాటికింద అరటి, అదే వాళ్ళ ముఖ్యమైన తిండి. అరటి కింద కాఫీ. కాఫీ కింద చేమదుంప, కూరగాయలు. ఒకే నేలలో నాలుగు అంతస్తుల సేద్యం అన్నమాట. అడవి నరికి మైదానం చేయకుండా, అడవి పెద్దచెట్లను ఉంచుకొనే పంట పండిస్తారు. అందుకే ఆ తోటల్లో 500 కంటే ఎక్కువ రకాల మొక్కలు లెక్కకు వచ్చాయి. అందులో మనుషులు నాటినవి కొన్నే, తక్కినవి వాటంతటవే పెరిగేవి. కొండవాగుల నుంచి చిన్నచిన్న కాలువలు తవ్వి తోటలకు నీళ్ళు తెచ్చుకోవడం వాళ్ళకు తాతల కాలం నుంచి వచ్చిన విద్య.

ఇంకో విశేషం. ఆ నీడచెట్లలో ఒకటి సిల్వర్ ఓక్. మన అరకు, పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకించే చెట్టు కూడా అదే. దాని పుట్టినిల్లు ఆస్ట్రేలియా. అక్కడినుంచి అటూ వెళ్ళింది, ఇటూ వచ్చింది.

మూడో పట్టీ – పెద్ద అడవి (సుమారు 1,800 నుంచి 2,800 మీటర్లు, ఆ పైన కొంత). వాన బాగా కురిసే చోటు ఇదే. దక్షిణం వాలులో కర్పూరం వాసన వచ్చే ఒకోటియా చెట్లు పెరుగుతాయి, అవి మన దాల్చినచెక్క కుటుంబానివి. ఇంకా పైన పోడోకార్పస్ అనే చెట్లు. వాటి మధ్య చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్నులు. కొమ్మలనిండా పాచి, నాచు, ఆర్కిడ్లు. ఆఫ్రికాలోకెల్లా ఎత్తైనదిగా చెప్పే చెట్టు ఈ కొండ లోయల్లోనే దొరికింది. దాని ఎత్తు 81.5 మీటర్లు. అంటే మూడు తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా సరిపోదేమో! ఈ సంగతి 2016లో ప్రపంచానికి తెలిసింది. అది ఏ కుటుంబమో తెలుసా? మన వేపచెట్టు కుటుంబం.

నాలుగో పట్టీ – ఎరికా పొదలు, చెట్లు (సుమారు 2,800 నుంచి 3,900 మీటర్ల దాకా). ఇక్కడ చలి బాగా ఎక్కువ. ఎరికా అనేది సూదుల్లాంటి చిన్న చిన్న ఆకులున్న మొక్క. కాపాడితే పది మీటర్ల చెట్టవుతుంది, మాటిమాటికీ కాలితే పొదగానే మిగిలిపోతుంది. దాని కొమ్మలకు ముసలివాళ్ళ గడ్డంలాగా లైకెన్లు వేలాడుతుంటాయి. ఈ మొక్కను బాగా గుర్తుపెట్టుకోండి, మన ప్రశ్నకు జవాబులో సగం దీని దగ్గరుంది.

ఐదో పట్టీ – చలి ఎడారి (సుమారు 3,900 నుంచి 5,000 మీటర్లు). మనకు ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదిని మూడుగా పంచుకున్నాం. ఇక్కడ మాత్రం ఒక్కరోజులోనే పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. ఏడాదంతా ఇదే తంతు. రాత్రి నేలలోని తడి గడ్డకట్టి మట్టిని పైకి లేపుతుంది, పొద్దున కరిగి మట్టి కుంగుతుంది. అప్పుడే మొలిచిన మొక్క వేళ్ళతోసహా ఊడివస్తుంది. మరి ఇక్కడ ఎవరు బతుకుతారు?

ఈ పట్టీ కింది భాగంలో, నీటి చెమ్మ ఉన్నచోట, పెద్ద సెనీసియో చెట్లు ఉంటాయి. ఇవి బంతి, చామంతి కుటుంబం. చామంతి చెట్టంత అయ్యి, మనిషికి రెండు మూడు నిలువులు పెరిగిందనుకోండి, అలా ఉంటుంది. ఎండిపోయిన ఆకులను ఇది రాల్చదు. కాండం చుట్టూ అలాగే ఉంచుకుంటుంది. మనం చలికి గొంగళి కప్పుకున్నట్టే. రాత్రి కాగానే పైనున్న ఆకులు ముడుచుకొని లేత మొగ్గను కాపాడతాయి. పొద్దున్నే నేల ఇంకా గడ్డకట్టి ఉంటుంది, వేళ్ళు నీళ్ళు తాగలేవు, పైన ఎండేమో వచ్చేస్తుంది. అప్పటికని కాండం లోపలి బెండులో నీళ్ళు దాచుకుంటుంది. పక్కనే ఉండే లోబీలియా మొక్క తన ఆకుల గిన్నెలో నీళ్ళు పట్టి ఉంచుతుంది. రాత్రి ఆ నీటి పైపొర మాత్రం గడ్డకడుతుంది, అడుగున ఉన్న మొగ్గకు చలి తగలదు. ఈ సెనీసియో జాతి పేరులోనే కిలిమంజారో పేరు ఉంది.

ఇంకా పైకి పోతే బూడిద, రాళ్ళు, అక్కడక్కడ గడ్డి కుదుళ్ళు, ఎంత ఎండినా రంగు పోని హెలిక్రైసమ్ పూలమొక్కలు.

ఆరో పట్టీ – రాయి, మంచు (5,000 మీటర్ల పైన). ఇక్కడ రాళ్ళకు అంటుకున్న లైకెన్లు తప్ప దాదాపు ఏమీ ఉండవు. కానీ కిబో నోటి దగ్గర, 5,600 మీటర్లు దాటిన చోట, వేడి ఆవిరి వచ్చే బొరియల పక్కన హెలిక్రైసమ్ మొక్క కనబడింది. నిద్రపోతున్న నిప్పుకొండ ఊపిరి తగిలి ఒక పూలమొక్క బతికిందన్నమాట. మామూలు కొండమీద ఇది జరగదు.

ఒకే ఎత్తు, రెండు ముఖాలు

ఎత్తు ఒకటైతే చెట్లు ఒకటే అనుకోకూడదు. తడిగాలి దక్షిణం వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ వాలు పచ్చగా ఉంటుంది. ఉత్తరం వాలు కొండ చాటున పడిపోతుంది, వాన తక్కువ. అందుకే అదే ఎత్తులో దక్షిణాన ఒకోటియా అడవి ఉంటే, ఉత్తరాన ఎండను తట్టుకొనే జూనిపెర్, అడవి ఆలివ్ చెట్లు ఉంటాయి. తూర్పు ఆఫ్రికాలోని చాలా కొండలమీద వెదురు పట్టీ ఒకటి ఉంటుంది. కిలిమంజారో మీద మాత్రం అలాంటి వెదురు పట్టీ లేదు. కాబట్టి ప్రతి కొండకూ దాని లెక్క దానిదే.

ఇప్పుడు అసలు ప్రశ్న

కొండ నెత్తిన తెల్లటి మంచు చూసి, అదే కరిగి నదులవుతుందని చాలామంది అనుకుంటారు. ఫోటోల్లో, క్యాలెండర్లలో కనబడేది మంచే కదా. ఆ మంచు తగ్గిపోతున్న మాట నిజం. 1912లో ఉన్న మంచులో 2009 నాటికి సుమారు 85 శాతం పోయింది. ఇక కొండ కింద జనం నీళ్ళు లేక ఏమవుతారో అని భయం.

కానీ వాన లెక్క మళ్ళీ చూడండి. శిఖరం మీద కురిసేది 200 మిల్లీమీటర్ల లోపు. అడవి పట్టీలో కురిసేది దానికి పదింతల పైన. అసలు ఆ మంచులో చాలా భాగం కరిగి పారదు, ఎండకు నేరుగా ఆవిరైపోతుంది. మన ట్రంకుపెట్టెలో బట్టల మధ్య కలరా ఉండలు వేస్తాం కదా. అవి నీరు కాకుండానే కరిగిపోతాయి. సైన్సు పుస్తకంలో దీన్నే ఉత్పతనం అన్నారు. ఆ మంచుకూ అదే జరుగుతోంది. కాబట్టి నదులకు మంచు ఇచ్చేది చాలా కొద్ది. నీళ్ళలో పెద్ద భాగం ఇచ్చేది అడవి పట్టీ.

ఎలా ఇస్తుంది? వాన ఒక్కసారిగా నేలను కొట్టకుండా చెట్ల ఆకులు ఆపుతాయి. కొమ్మలమీది నాచు స్పాంజిలాగా పీల్చుకుంటుంది. నేలమీది ఆకుల మెత్త నీటిని మెల్లగా లోపలికి దించుతుంది. లోపలంతా బొరియలున్న లావారాయి, బూడిద. నీళ్ళు అందులోకి ఇంకి, కొండ అడుగున ఊటలై పైకి వస్తాయి. దక్షిణాన పంగాని నదికి నీళ్ళు చేరేది ఇలాగే. ఉత్తరాన కెన్యా దేశంలోని అంబోసెలి చిత్తడి నేలల్లో ఏనుగులు తాగే నీళ్ళు కూడా ఈ కొండ ఊటలే.

ఇక ఎరికా చెట్ల సంగతి. ఆ ఎత్తులో వాన తక్కువైనా మంచుపొగ రోజూ వస్తుంది. ఎరికా సన్నటి ఆకులు, దాని గడ్డం లైకెన్లు ఆ పొగలోని తడిని పట్టి బొట్లుబొట్లుగా కిందికి దించుతాయి. వాన లేకపోయినా చెట్టు కింద నేల తడిసి ఉంటుంది. లంబసింగిలో చలికాలం పొద్దున చెట్టుకింద నిలబడితే నెత్తిమీద బొట్లు పడతాయే, అదన్నమాట.

మంట చేసిన పని

ఇప్పుడు బాధ కలిగించే మాట. ప్రపంచంలో వేడి పెరిగితే చెట్లు పెరిగే హద్దు ఇంకా పైకి పోవాలి, చలి తగ్గుతుంది కాబట్టి. కిలిమంజారో మీద అది తలకిందులైంది. 1976 తర్వాత అడవి పైహద్దు వందల మీటర్లు కిందికి దిగింది. కారణం మంటలు. వానలు తగ్గి, ఎండలు ముదిరి ఎరికా పట్టీ ఎండిపోయింది. ఎరికా ఎండితే ఇట్టే అంటుకుంటుంది. తేనె తీసేవాళ్ళు వదిలేసిన నిప్పో, వేటగాళ్ళ నిప్పో చాలు. మళ్ళీ మళ్ళీ కాలిన చోట చెట్టు లేవదు, మోకాలెత్తు పొదే మిగులుతుంది. 2020 అక్టోబరులో ఈ కొండమీద పెద్ద మంటలు రోజుల తరబడి రేగాయి, 2022లో మళ్ళీ రేగాయి.

ఆండ్రియాస్ హెంప్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి ఈ కొండమీద తిరిగి మొక్కలు లెక్కపెట్టాడు. ఆయన తేల్చిందేమంటే, మంచు పోవడం వల్ల కలిగే నీటి నష్టం కంటే ఎరికా అడవి కాలిపోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. మంచు తగ్గడం అందరి కళ్ళకూ కనబడింది. పొగను పట్టే చెట్టు పోవడం ఎవరి కళ్ళకూ పడలేదు.

నష్టం ఎవరికి? కాలింది పైన. కాలువలో నీరు తగ్గేది కింద, కిహంబా తోటలో. పై పట్టీ పోతే కింది పట్టీ దప్పికతో ఎండుతుంది. కొండ మీద ఒక పట్టీకి ఇంకో పట్టీ అన్నదమ్ముల్లాంటివి.

మనకేంటి?

మన కొండలమీద మంచుగడ్డలు లేవు. మన కొండలు ఆంధ్రలో 1,700 మీటర్లు కూడా దాటవు. కానీ మన గెడ్డలు ఎండాకాలంలో కూడా పారుతున్నాయంటే, పైన అడవి ఉన్నందువల్లనే. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు తేనె తీసి దిగాక నిప్పు ఆరిందో లేదో చేత్తో తడిమి చూసి కదులుతారు. గెడ్డ పుట్టే చోట చెట్టు కొట్టనివ్వరు. ఎందుకని అడిగితే దేవత ఉంది అంటారు. పుస్తకంలో నీటి పరివాహక ప్రాంతం అని ఉంటుంది. రెండు మాటలూ ఒకే చెట్టును కాపాడుతున్నాయి. అందుకే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను అడిగి ఏ చెట్టు ఏ ఎత్తులో పెరుగుతుందో రాసుకోండి. వాళ్ళు పోయాక చెప్పేవాళ్ళుండరు.

ఆలోచించండి – జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి

1. కిలిమంజారో మీద వాన ఎక్కువ పడేది ఎంత ఎత్తులో? శిఖరం మీద ఎందుకు తక్కువ?

2. సెనీసియో ఎండుటాకులను ఎందుకు రాల్చదు?

3. ఉత్తరం వాలులో, దక్షిణం వాలులో చెట్లు ఎందుకు వేరుగా ఉన్నాయి?

4. వేడి పెరిగినా అడవి పైహద్దు కిందికి ఎందుకు దిగింది?

5. మీ ఊరి గెడ్డ ఎక్కడ పుడుతుంది? అక్కడ ఏయే చెట్లున్నాయి? (ఈ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. మీరే రాయాలి.)